ధనరాజు వైపే తిరిగిన కెమెరా

దెయ్యాలే ఉంటే మా ఆయన ఎల్లాజీ ఎప్పుడో వచ్చి బోటు ఓనరు ధనరాజు గొంతు పిసికేవాడు. ఆయన పోయి మూడేళ్లయినా రాలేదు. అందుకే లేవనే అనుకునేదాన్ని. నాకు రాత రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రత్నం రాస్తోంది.

మాది జాలరిపేట. చేపలమ్ముతాను. మా ఆయన ధనరాజు బోటు మీద పనిచేసేవాడు. వల లాగే తాడు కుళ్లిపోయింది, మార్చమని ఎన్నిసార్లో అడిగాడు. మార్చలేదు. వేటలో అది తెగి, ఆయన్ని కొట్టి సముద్రంలో పడేసింది. ధనరాజు మాత్రం పెద్దల ముందు "తాగి పడిపోయాడు" అన్నాడు. మా ఆయన చుక్క ముట్టని మనిషి. ఆ అబద్ధాన్ని వాడి నోటితోనే కక్కించాలి. నాకున్న కోరిక అదొక్కటే.

రత్నం మా పేట సంగతులు వీడియోలు తీస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో మిర్రర్‌లెస్ కెమెరా కొంది. నడుస్తూ తీస్తే బొమ్మ ఊగిపోతోందని చూసేవాళ్లు ఒకటే గోల. ఊగకుండా పట్టే గింబల్ కోసం ఇద్దరం వన్‌టౌన్‌లో ఖాదర్ భాయ్ కొట్టుకి వెళ్లాం.

"కెమెరా బరువెంతక్కా? దాన్నిబట్టే గింబల్," అన్నాడు.

చేత్తో పట్టి చూశాను. "ముప్పావు కిలో. ఓ మాదిరి సందువా సేపంత."

తూకం వేస్తే పది గ్రాములే తేడా. "నా కాటా తీసీసి నిన్ను కూసోబెడతానక్కా," అని నవ్వాడు.

చవకది ఫోన్లకట. కెమెరా పెడితే వణికిపోయింది. ఖరీదైనది మనిషి ముఖం పట్టుకుని, ఆ మనిషి ఎటు కదిలితే అటు తనే తిరుగుతుంది. మేం మధ్యరకం తీసుకున్నాం. "ముఖం వెంట తిరగడం ఇందులో నేదక్కా. నీ సెయ్యి తిరిగితేనే తిరుగుద్ది," అని రెండుసార్లు చెప్పాడు.

స్విచ్ వేసే ముందు కెమెరాని ముందుకీ వెనక్కీ జరిపి సమంగా నిలబెట్టాలి. రత్నానికి కుదరలేదు. నెత్తిన చేపల తట్ట మోసినదాన్ని, నాకు ఇట్టే కుదిరింది. అప్పట్నుంచీ గింబల్ పట్టేది నేనే.

నెల తిరక్కుండా ధనరాజు కొత్త బోటు నీళ్లలో దింపాడు. వీడియో తీయమని రత్నాన్ని పిలిచాడు. ఒప్పుకోమన్నాను. పేటంతా పడాలి, వాడి ముఖం ఒక్కటే పడకూడదు. వాడి పండగలో వాడే లేకుండా చేద్దామనుకున్నాను.

పొద్దున్న పది గంటలు. మంచి ఎండ. కెమెరా బోటుకి కట్టిన పూలదండల వైపు పెట్టాను. అది నెమ్మదిగా ధనరాజు వైపు తిరిగింది. నా చెయ్యి కదల్లేదు. దండల వైపు తిప్పాను. మళ్లీ వాడి వైపే. వాడు జనం వెనక్కి జరిగాడు, అటే తిరిగింది. ఐసు పెట్టెల చాటుకి పోయాడు, అటే.

"ఏటే, నన్నే తీత్తన్నావ్? తిప్పీ అటు!"

"నాను తిప్పడం నేదు."

వాడి ముఖం పాలిపోయింది. "ఎల్లాజీ బావా, అలాగ సూడకు," అన్నాడు. "నువ్వు తాగనేదు. తాడు కుళ్లిపోనాదని నాకు తెలుసు. నానే మార్సనేదు. సాలు బావా, సాలు."

పేటంతా విన్నది.

ఇంటికొచ్చి వీడియో చూశాం. ధనరాజు నాకంటే జానెడు పొడుగు. గింబల్ నేను గుండెల దగ్గరే పట్టుకున్నాను. వీడియోలో మాత్రం వాడి బట్టతల పైనుంచి కనబడుతోంది. వాడు కళ్లెత్తి మాట్లాడుతున్నాడు. మా పేటలో వాడు కళ్లెత్తి చూడాల్సినంత పొడుగు మా ఆయనొక్కడే.

ఖాదర్ భాయ్ గింబల్ విప్పి చూశాడు. ఏ లోపమూ లేదన్నాడు.

రత్నం అందరూ చూసేలా పెట్టిన ఆ వీడియో తీసేయమని ధనరాజు పెళ్లాం వచ్చి ఏడ్చింది. "నా మొగుణ్ని తాగుబోతన్ననాడు నువ్వేడ్సినావేటి?" అన్నాను. తీసేయలేదు.

ఆ రోజు గింబల్ ఎందుకు తిరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ తర్వాత ఎవరివైపూ తిరగలేదు. అయినా ధనరాజు మా వీధిలోకి వస్తే స్విచ్ వేసి గుమ్మంలో నిలబెడతాను. అది కదలదు. వాడే పరుగెడతాడు.