వేలిముద్రలు పడని మా మేనత్త

పోయిన ఆదివారం చర్చికి బయలుదేరుతుంటే వాకాడు నుంచి ఫోను వచ్చింది, మా మేనత్త నిద్రలోనే పోయిందని. కొంతకాలంగా గుండె జబ్బుతో ఉంది కాబట్టి ఎవరమూ ఆశ్చర్యపోలేదు. అయినా వేసుకున్న చెప్పులు విప్పేసి అరుగు మీద కూర్చుండిపోయాను.

మామ చనిపోయాక అత్త ముత్తుకూరు దగ్గర రొయ్యలు వలిచే షెడ్డులో చేరింది. పొద్దస్తమానం చేతులు ఐసులోనే. తరవాత గల్ఫ్‌కు వెళ్ళి ఒక ఇంట్లో ఏళ్ళ తరబడి గిన్నెలు తోమింది, బాత్‌రూములు కడిగింది. ఆ కడిగే మందునీళ్ళకు వేళ్ళ చివర్లు నున్నగా అరిగిపోయాయి. “నా చేతులు ఇప్పుడు దొరసాని చేతులు మే, ఒక్క గీత లేదు” అని ఫోనులో నవ్వేది.

అత్త అక్కడుండగానే మా నాయనమ్మ మంచాన పడింది. డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అత్త యజమానిని బతిమాలుకుని అక్కడి విమానాశ్రయానికి వచ్చింది. ఆ దేశం దాటేవాళ్ళెవరైనా వచ్చిననాడు ఇచ్చిన వేలిముద్రలే మళ్ళీ ఇవ్వాలి. అత్తవి సరిపోలలేదు.

“మే, ఆ మిషను నేను నేను కాదంటా ఉండాది” అంది ఫోనులో.

“పాస్‌పోర్టులో ఫోటో ఉంది గదా అత్తా, చూపించు!”

“చూపించినా. చాలదంట. చేతులు కడుక్కొచ్చి పెట్టినా, చున్నీకి తుడిచి పెట్టినా. ఎర్ర లైటే వస్తా ఉండాది. అమ్మ ఎట్టుండాది?”

నాయనమ్మ పక్కనే ఉంది. ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాను. “బిడ్డ ఎక్కిందా?” అని అడిగింది. మా నాన్న వంగి, “ఎక్కేసిందిమా, వచ్చేస్తా ఉండాది” అన్నారు. విమానం అత్తను వదిలేసి వెళ్ళిపోయింది.

నెల్లూరులో ఏజెంటు దగ్గరికి పరిగెత్తాం. అతను ఎవరెవరికో ఫోన్లు చేసి, “అది ఆ దేశం సిస్టం, మన చేతిలో ఏముందన్నా?” అన్నాడు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. అక్కడ అత్త రోజూ ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్ళి వరసలో నిలబడేది. నాయనమ్మ వీధి తలుపు వైపు చూస్తూ పోయింది. సమాధి కార్యక్రమం అత్త ఫోనులోనే చూసింది.

చివరికి వేలిముద్రలకు బదులు కళ్ళు ఫోటో తీసి అత్తను పంపించారు. ఇంత జరిగినా అత్త ఎవరినీ తిట్టలేదు. “ముద్రలు తీసుకునే ఆ గాజుపెట్టెలో కూర్చున్న పిల్లది కూడా ఏడ్చింది మే. దానిదేం తప్పు?” అనేది.

మళ్ళీ గల్ఫ్‌కు పోలేదు. గీతలు తిరిగొస్తాయని ఎవరో చెప్పారని సాయంత్రాలు వేళ్ళకు కొబ్బరినూనె రుద్దుకునేది. రేషన్ షాపులోనూ మిషను ఆమె బొటనవేలిని ఒప్పుకునేది కాదు. “నేనెవురో నువ్వే చెప్పు నాయనా” అనేది డీలరుతో. అందరూ నవ్వేవాళ్ళు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే, ఆమె తిరిగొచ్చిన ఆ మధ్యాహ్నమే కనిపిస్తుంది. ఇంటికి రాకుండా నన్ను వెంటబెట్టుకుని నేరుగా సమాధుల తోటకు వెళ్ళింది. అప్పటికే మట్టి కుంగి, సన్నగా గడ్డి మొలిచింది. అత్త కూర్చుని దాన్ని పీకడం మొదలుపెట్టింది. లేత మొలకలు నున్నటి వేళ్ళ మధ్య నిలవక జారిపోతున్నాయి. నేను వంగబోతే, “నువ్వుండు మే, నేను పీకతా” అంది. ఎండలో గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఆమె మళ్ళీ అదే మొలకను పట్టుకుంది.