ఈతకొలనులో పట్టుపోగులు

2023 వేసవి. హిందూపురం ఇండస్ట్రియల్ ఏరియాలో మాది చిన్న షెడ్డు. ముందు భాగంలో పంపుసెట్లు రిపేరు చేస్తారు. వెనక భాగంలో మేము ఈతకొలనులు శుభ్రం చేసే మిషన్లు తయారుచేస్తాం. వాటి డిజైన్ పని నాది. ఆ మాట చెబితే మా బంధువులు ఇప్పటికీ నవ్వుతారు. తాగేనీళ్లకే ట్యాంకర్ కోసం ఎదురుచూసే చోట నీకీ ఉద్యోగం ఎవరిచ్చారే అంటారు. నిజానికి నీళ్లకు కటకటగా ఉన్నచోటే ఈ మిషన్ అవసరం ఎక్కువ. కొలను పాడైతే పారబోసి మళ్లీ నింపుకునే స్తోమత మా వైపు ఎవరికుంది? ఉన్న నీళ్లనే తేటగా ఉంచుకోవాలి.

మిషన్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. చూడ్డానికి చిన్న సూట్‌కేసంత ఉంటుంది. అది నడవడానికి కింద రబ్బరు ట్రాకులు, అంటే పట్టాలు ఉంటాయి. ముందూ వెనకా బ్రష్ రోలర్లు ఉంటాయి. అవి చపాతీ కర్రలా గుండ్రంగా తిరుగుతూ నేలకు అంటుకున్న పాచినీ మట్టినీ రుద్దుతాయి. మధ్యలో ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం కింది నుంచి నీళ్లు పీల్చి, లోపలి సంచిలో వడగట్టి, పైకి చిమ్ముతుంది. ఆ చిమ్మే ఊపుకే మిషన్ నేలకు అదిమిపెట్టినట్టు ఉంటుంది. మోటార్లు మూసిన పెట్టెలో ఉంటాయి. బ్రష్‌లను తిప్పడానికి ఆ పెట్టెలోంచి బయటికి వచ్చే ఇరుసు చుట్టూ ఆయిల్ సీల్ అనే రబ్బరు రింగు. నీళ్లు లోపలికి పోకుండా కాపాడేది అదొక్కటే. మా పనిలో మనశ్శాంతి లేకుండా చేసేదీ అదే.

అదే మోడల్ పెనుకొండలో ఒక హోటల్లో పెట్టి ఏడాది దాటింది, ఒక్క ఫిర్యాదు లేదు. ధర్మవరంలో పెట్టింది మాత్రం నెల తిరక్కుండా ఆగిపోయింది. అక్కడ ఊరి చివర ఓబులేసు గారనే ఆయన కొలను కట్టి, గంటకింత అని టికెట్ పెట్టి నడుపుతున్నారు. నేను పోయి విప్పి చూస్తే ఇరుసు చుట్టూ నల్లటి ఉండ బిగుసుకుని ఉంది. సీల్ అంచు కోసుకుపోయి మోటారులోకి నీళ్లు దిగాయి. వెంట్రుకలే అనుకున్నాను. ఎక్కడైనా అవే కదా చిక్కుకునేది. సీల్ మార్చి, కొలనులో దిగేవాళ్లంతా టోపీ పెట్టుకోవాలని గోడమీద రాయించి వచ్చాను.

ఆ కొలనుకు తెల్లారగానే వచ్చే బ్యాచ్ మగ్గం నేసేవాళ్లది. నరసింహులు అనే ఆయనకు నడుము పట్టేసి కదల్లేని స్థితి వస్తే, ఛాతీ లోతు నీళ్లలో రోజూ నడవమని డాక్టరు చెప్పాడట. ఆయనకు గుణం కనిపించేసరికి చుట్టుపక్కల మగ్గాల వాళ్లు ఒక్కొక్కరే తోడయ్యారు. రెండోసారి నేను వెళ్లేసరికి వాళ్లంతా నీళ్లలో వరసగా నడుస్తున్నారు. ముఖాలకు గుబురు మీసాలు, తలలకు బిగుతైన నీలం రబ్బరు టోపీలు. నాకు నవ్వాగలేదు.

నరసింహులు కూడా నవ్వాడు. "నవ్వు పాపా, నవ్వు. ఈ టోపీ పెట్టుకోని ఇంటికి పోతే మా ఇంటామె తలుపు తీయలేదు. దీనికింద ఉండే వెంట్రుకలు ఎన్నో చూస్తావా?" అని టోపీ తీసి నున్నటి బట్టతల చూపించాడు.

టోపీల తర్వాత కూడా మిషన్ ఆగింది. ఈసారి ఓబులేసు గారికి ఓపిక పోయింది. నీళ్లు మసకబారి అడుగున గీతలు కనిపించడం లేదు. సెలవుల్లో పిల్లలకు ఈత నేర్పే బ్యాచ్ వచ్చే నెలలో మొదలవ్వాలి.

"మేడమ్, మగ్గమోల్లు రాని దినం మిషన్ బాగా తిరుగుతాది. వాళ్లు వచ్చిపోయినాక ఏసినామంటే నిలబడిపోతాది. నేను కండ్లారా చూసినా. వాళ్లను ఇంక రావద్దంటా."

"ఇంకొంచెం టైమివ్వండి సార్."

"నేనేమన్నా చెడ్డోన్నా? వాళ్లూ నాకు కావాల్సినోల్లే. అడుగు కనపడని నీళ్లలోకి పసిపిల్లోల్లను ఎట్ల దింపేది చెప్పండి. ఒకడు మునిగి కింద పడిండినా కనపడడు."

ఆయన అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. పిల్లల బ్యాచ్ మొదలయ్యేలోపు తేల్చకపోతే మగ్గం వాళ్ల గంట రద్దు. అక్కడికి మాట కుదిరింది.

ఈసారి ఇరుసు నుంచి తీసిన ఉండను ఒక మగ్గులో వేసి సబ్బు నీళ్లతో పిసికాను. మట్టీ గ్రీజూ వదిలాక లోపలి నుంచి చిలకపచ్చ, వంకాయరంగు, మధ్యలో జరీ మెరుపు బయటపడ్డాయి. వెంట్రుక అయితే కొంత లాగాక తెగుతుంది. ఇది పట్టు. తెగదు, బిగుస్తుంది.

పిలిచి చూపిస్తే నరసింహులు కాసేపు చూసి, మెల్లగా చొక్కా పైకెత్తాడు. మొలతాడుకు పట్టుపోగుల చిన్న కుచ్చు ఒకటి ముడేసి ఉంది. నేసేటప్పుడు పోగు తెగితే వెంటనే అతకాలి, అందుకని చేతికందేలా అక్కడ ముడేసుకుంటారట.

"నీళ్లలోకి దిగేటప్పుడు తీసేయొచ్చు కదా?" అన్నాను.

"ఉండాదని గుర్తుంటే కదా పాపా తీసేది! చిన్నప్పటినుంచి ఆడనే ఉండాది. మొలతాడు తీసేది యాడన్నా ఉండాదా, దాంతోపాటే ఇదీ." వెనక్కి తిరిగి మిగతావాళ్లను కేకేశాడు. "ఏమప్పా, అందరూ నడుములు చూసుకోండి! దొంగలు మనమే!"

దాదాపు అందరి మొలతాళ్లకూ కుచ్చులు దొరికాయి. ఇకమీదట అవి విప్పాకే దిగుతామన్నారు. ఇంతటితో కథ కంచికి అనుకుని, సీల్ మార్చి సంబరంగా హిందూపురం వచ్చేశాను. మిషన్ ముందుకన్నా కొన్నాళ్లు ఎక్కువ తిరిగిన మాట నిజమే. కానీ మళ్లీ ఆగింది. పొద్దస్తమానం పట్టు మధ్య కూర్చునే మనిషి గోళ్లలో, ఒంటి రోమాల్లో, నిక్కరు కుట్లలో సన్నటి పీచు ఉండనే ఉంటుంది. స్నానం చేసి దిగినా మొత్తం పోదు. అంటే మనుషులు చేయగలిగింది వాళ్లు చేశారు. మిగిలింది మిషన్ చేయాలి, అంటే నేను.

మగ్గం దగ్గర ఆ పీచు ఎలా రాలుతుందో చూద్దామని నరసింహులు ఇంటికి వెళ్లాను. ఆయన భార్య సుబ్బమ్మ వాకిట్లో రాట్నం తిప్పుతూ, నేతకు కావలసిన పోగును చిన్న గొట్టాలకు కండెలుగా చుడుతోంది. మధ్యమధ్యలో మోకాలు ఒత్తుకుంటోంది. ఆయన గోడ పట్టుకుని మగ్గం కింది గుంతలోకి కాళ్లు దించి, నడుము వెనక దిండు సర్దుకుని కూర్చున్నాడు. మగ్గం మీద చీర సగంలో ఉంది.

"ఆ నీళ్లు దొరకక ముందు ఈ గుంతలోంచి నన్ను ఇద్దురు పట్టి లేపాల్సొచ్చేది. ఇప్పుడు నేనే లేస్తాండా. అది ఆగిపోయిందంటే మళ్లా మొదటికే. బెంగళూరులో అపార్టుమెంటు కాడ వాచ్‌మన్ పని ఉండాదని మా బామ్మర్ది చెప్తాండాడు. ఈ చీర దిగినాక మగ్గం ఇప్పేసి పోదామా అని చూస్తాండా" అన్నాడు.

చాలా మామూలుగా అన్నాడు. సుబ్బమ్మ రాట్నం మాత్రం ఆగిపోయింది. అంతదాకా నాకది ఒక సర్వీస్ కంప్లయింట్. ఆ మాట విన్నాక కాదు.

మగ్గం వైపే చూస్తూ కూర్చున్నాను. అడ్డపోగును మోసే నాడె ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పరిగెడుతోంది. పోగును దగ్గరికి కొట్టే చట్రం ముందుకూ వెనక్కూ ఊగుతోంది. వేల పోగుల మధ్య అది రోజంతా ఊగినా ఒక్కటీ దానికి చుట్టుకోవడం లేదు. ఇటు తిరిగితే, సుబ్బమ్మ రాట్నం మళ్లీ మొదలైంది. అందిన పోగునల్లా చుట్టేసుకుంటోంది. ఒకటి గుండ్రంగా తిరుగుతుంది, ఒకటి ఊగుతుంది. తేడా అంతే. నేనేమో పట్టు రాలే నీళ్లలోకి రాట్నాన్ని దింపి, పోగు చుట్టుకుంటోందని ఏడుస్తున్నాను.

"ఏం పాపా, చీర నచ్చినాదా, అట్ల నోరు తెరుచుకోని చూస్తాండావు?"

"చీర కాదు పెద్దనాయనా, మగ్గం నచ్చింది" అని లేచాను. ధర్మవరం స్టేషన్ చేరేదాకా కాళ్లు నేలమీద నిలవలేదు.

గుండ్రంగా తిరిగే బ్రష్ తీసేసి ఊగే బ్రష్ పెట్టాలన్నది ఆలోచన. పెట్టెలోపల మోటారు మామూలుగానే తిరుగుతుంది. దానికి క్రాంక్ అనే వంపు కమ్మీ తగిలిస్తే, బయటి ఇరుసు బస్సు వైపర్‌లా అటూ ఇటూ ఆడుతుంది. దీనివల్ల అనుకోని లాభం ఇంకొకటి వచ్చింది. పూర్తి చుట్టు తిరగని ఇరుసుకు ఆయిల్ సీల్ అక్కర్లేదు. కారు గేర్ రాడ్ కింద ఉండే ముడతల రబ్బరు తొడుగు లాంటిది ఒక కొస ఇరుసుకూ, ఒక కొస పెట్టెకూ అతికించేయొచ్చు. ఇరుసుతోపాటు అదీ కొంచెం మెలిపడి మళ్లీ తిన్ననవుతుంది. పోగు దూరడానికి సందే ఉండదు. ట్రాకుల చక్రాలకు పోగు చేరకుండా పక్కనుంచి కప్పే రింగులు బిగించాం. ఇంపెల్లర్‌కు చేరేవి సంచిలో వడగట్టిన నీళ్లే కాబట్టి దానితో చిక్కు లేదు.

మొదటిసారి మా షెడ్డు తొట్టిలో వేసినప్పుడు పరువు పోయింది. బ్రష్‌లు రెండూ ఒకేసారి ఒకేవైపు ఊగేసరికి మిషన్ ముందుకు పోవడం మానేసి పేరంటంలో పిల్లలా గెంతడం మొదలుపెట్టింది. పంపుసెట్ల వాళ్లు పని ఆపి మరీ వచ్చి చూశారు. ముందు బ్రష్ ఇటు ఊగితే వెనకది అటు ఊగేలా క్రాంకులు మార్చాక దారికొచ్చింది. ఊగే బ్రష్ కొంచెం తక్కువ రుద్దుతుంది, అందుకని బ్రష్‌కు గట్టి నైలాన్ పీచు వేశాం. పెనుకొండ హోటల్ వాళ్లను బతిమాలి వాళ్ల కొలనులో నడిపించి చూసుకుని, అప్పుడు ధర్మవరం తీసుకుపోయాను.

ఆ రోజు మగ్గం వాళ్లు నీళ్లలోంచి వచ్చాక ఎవరూ ఇళ్లకు పోలేదు. తుండుగుడ్డలు కప్పుకుని గట్టుమీద నిలబడ్డారు. ఓబులేసు గారు చేతులు కట్టుకుని ఒక మూల. మిషన్ దింపాను. అది ఒక గోడ నుంచి ఇంకో గోడకు పోతుంది, తిరుగుతుంది, వస్తుంది. చూడ్డానికి అంతకన్నా విసుగుపుట్టే దృశ్యం ఉండదు. మేమంతా ఊపిరి బిగబట్టి చూశాం. పని ముగించి దానంతట అదే ఆగాక పైకి లాగి విప్పాను. సంచి నిండా మట్టి, అందులో రంగురంగుల పీచు. ఇరుసు మీద ఒక్క పోగు లేదు.

ఓబులేసు గారు వంగి వేలుపెట్టి తడిమి చూశారు. "ఇది నెలంతా ఇట్లే ఉంటే నాకేం బాధ?" అన్నారు. అలాగే ఉంది. పిల్లల బ్యాచ్ మొదలైంది, అడుగు గీతలు కనిపించే నీళ్లలో. మగ్గం వాళ్ల గంట వాళ్లకుంది. బెంగళూరు ఉద్యోగానికి నరసింహులు బామ్మర్ది వేరే మనిషిని చూసుకున్నాడు.

ఆ తర్వాత ఒకరోజు ఓబులేసు గారు ఫోన్ చేశారు. "మేడమ్, కండెలు చుట్టే ఆడోల్లు మాకూ ఒక గంట పెట్టమంటాండారు. వాళ్ల కొంగుల్లో ఇంకా ఎక్కువ పీచు ఉంటాది. మీ మిషన్ తట్టుకుంటాదా?"

తట్టుకుంటుందన్నాను. ఆ గంట మొదలైన రోజు నేనూ వెళ్లాను. అంతకుముందు నేను ఏ మిషన్ గీసినా, ఆ కొలనులో ఏం మురికి ఉంటుంది అని మాత్రమే అడిగేదాన్ని. ధర్మవరం తర్వాత మొదట అడిగేది, నీళ్లలోకి ఎవరు దిగుతారు, ఏ పని చేసి వచ్చి దిగుతారు అని. చాలామంది విచిత్రంగా చూస్తారు. అయినా అడుగుతాను. నాకీ వృత్తి అంటే గౌరవం కలిగింది ఆ ఊళ్లోనే.

ఆ రోజు సుబ్బమ్మ చుడీదార్‌లో ఇబ్బందిపడుతూ మెట్లు దిగింది. రెండు చేతులతో మెట్ల పక్క కమ్మీ పట్టుకుని కదల్లేదు. "భయమైతాంది పాపా" అంది. కిందికి చూడమన్నాను. చూసింది. నీళ్ల అడుగున తన కాళ్లు తనకు స్పష్టంగా కనిపించాయి. కమ్మీ వదిలేసి నడిచింది.