తమారా వదిన తవ్వి తీసిన బండి

మా ఆయన అక్క తమారా మకార్టాఫ్ పదకొండేళ్లుగా స్కూలు బస్సు నడుపుతోంది. నది వెంట పోయే రోడ్డు మీద, శీతాకాలమంతా చక్రాలకు గొలుసులు కట్టుకుని, పొద్దున ముప్పై ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుంటుంది, మధ్యాహ్నం ఆ ముప్పై ఇద్దరినీ వాళ్ల వాళ్ల గేట్ల దగ్గర దింపుతుంది. ఇంతవరకు బస్సు ఒక్కసారి కూడా గుంటలో పడలేదు. ఎవరైనా మెచ్చుకుంటే, "పడితే పైకి తీయాల్సింది నేనే కదా, అందుకే పడనివ్వలేదు" అంటుంది.

ఆమెకు నలభై రెండేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లు ఊళ్లో ఇప్పుడు లేరు, అడిగి జవాబు విన్నవాళ్లు మళ్లీ అడగలేదు.

కొండల్లో చిక్కుకుపోయినవాళ్లను వెతికి తెచ్చే జట్టొకటి మా ఊళ్లో ఉంది. తొమ్మిది మంది, జీతాలు లేవు. మా ఆయన డారిల్ అందులో ఒకడు. నాలుగు శీతాకాలాలుగా వదిన ఆ జట్టుకు రేడియో చూస్తోంది. కొండ కింద పార్కింగులో ట్రక్కులో కూర్చుని ఎవరు ఎటు వెళ్లారో, ఎన్ని గంటలకు మాట్లాడారో కాగితం మీద రాసేది. కిందటి శరదృతువులో జట్టులో ఒకాయనకు మోకాలి ఆపరేషన్ అయి చోటు ఖాళీ అయింది. వదిన వెళ్లి ఆ చోటు తనకు కావాలని అడిగింది.

జట్టు పెద్ద రాస్ ఎంబరీ వద్దనలేదు. "జనవరి మూడో శనివారం నీ సొంత మంచు బండి మీద మాతో రా. పై లోయ దాకా వెళ్లి రావాలి. చిక్కుకుంటే నువ్వే బయటపడాలి. అంతే."

"ఎంతసేపు ఆగుతారు?"

"మా శాండ్‌విచ్‌లు అయ్యేదాకా."

అది వేళాకోళం కాదు, జట్టు పద్ధతి. వాలు మీద ఒక బండి మంచులో కూరుకుపోతే మిగతావాళ్లు సాయానికి పరుగెత్తరు. రెండో బండి బరువు కూడా పడితే చరియ మొత్తం జారే ప్రమాదం ఉంది. అందుకని పక్కకు, జారని చోటికి వెళ్లి ఆగి, తిండి పొట్లాలు విప్పుతారు. తినడం అయ్యేలోగా బయటపడితే సరే. లేకపోతే అప్పుడు ఒక్కొక్కరే వెళతారు. కొత్తగా వచ్చినవాళ్లకు కష్టంగా ఉంటుంది. తాను రొమ్ములోతు మంచులో తవ్వుతుంటే అవతల ఎనిమిది మంది నములుతూ చూస్తుంటారు.

వదిన రెండేళ్లుగా మంచు బండి నడుపుతోంది గానీ అది డారిల్ పాత బండి, చదును చేసిన అడవి దారుల్లో తిరిగేది. కింద తిరిగే రబ్బరు పట్టా పొట్టిది, దాని పళ్లు అరిగిపోయినవి. లోతు మంచులోకి దిగితే రాయిలా కూర్చుంటుంది. కొండకు కొండ బండి కావాలి. ఏది కొనాలన్న మాట పొక్కగానే ఊరంతా సలహాలు మొదలుపెట్టింది. పెట్రోలు బంకులో ఉండే కుర్రాడు కూడా ఊరుకోలేదు.

"నూట అరవై అయిదు అంగుళాల పట్టాకి ఒక్క అంగుళం తగ్గినా కొనకు, తమారక్కా. పొట్టిది కొన్నావంటే మంచులో పాతుకుపోయి ఏప్రిల్లో మొలకెత్తుతావు."

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. నేను కూడా ఊరుకోలేదు. బజారులో దొరికే ఆరు బండ్ల బరువు, ఇంజన్ బలం, పట్టా పొడవు, పళ్ల ఎత్తు పట్టిక వేశాను. బరువును పట్టా వైశాల్యంతో భాగించాను. పట్టా పొడుగ్గా ఉన్నకొద్దీ మంచు మీద ఒత్తిడి తక్కువ, బండి తేలుతుంది. టర్బో ఉన్న పెద్ద ఇంజన్, నూట అరవై అయిదు అంగుళాల పట్టా ఉన్నదే బరువు తప్ప ప్రతి గడిలోనూ గెలిచింది. డారిల్ నడిపేదీ అలాంటిదే.

"చూశావా అక్కా, లెక్కలు కూడా నా మాటే చెబుతున్నాయి" అన్నాడు డారిల్.

నాకు కూడా అదే నచ్చింది. మా పాప ఎల్సీ పుట్టినప్పటి నుంచి డారిల్ కొండెక్కిన ప్రతి శనివారం నేను గడియారం చూస్తూ కూరలు మాడ్చేదాన్ని. బలమైన బండయితే ఎక్కడి నుంచయినా బయటికి లాక్కొస్తుందని నా మనసుకు నేను చెప్పుకునేదాన్ని.

డిసెంబరులో స్కూలు సెలవులకి డారిల్ తన బండిని వారం రోజులు అక్కకిచ్చాడు. రెండో రోజు సాయంత్రం వదిన మా వంటింట్లోకి హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది.

"నాకు వచ్చేసింది, టీచరమ్మా. రెండేళ్లలో రానిది రెండు రోజుల్లో వచ్చేసింది. చెట్ల మధ్య నుంచి శిఖరం దాకా ఎక్కాను."

మూడో రోజు, స్నేహితుడి బండి తీసుకుని వెళ్లిన డారిల్ వెనకే ఇంకో శిఖరం ఎక్కింది. అవతలి వైపు దిగుతూ మలుపు తిప్పలేక నేరుగా వాగు గుంటలోకి పోయింది. బండి ముక్కు కిందికి, తోక పైకి. డారిల్ ఇద్దరు స్నేహితుల్ని పిలిచాడు. ముగ్గురూ తాళ్లు కట్టి లాగితే రెండున్నర గంటలు పట్టింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఇంటికొచ్చి వదిన బోర్ష్ సూపు గిన్నె ముందు కూర్చుంది. డారిల్ కోప్పడలేదు. "నా బండి కాబట్టి అంతదూరం వెళ్లగలిగావక్కా" అన్నాడు.

"అవును. బొటనవేలితో ఎక్సలేటరు నొక్కాను, ఎక్కింది. అంతకంటే నేనేం చేశాను? నొక్కాను. నాకు వచ్చేసిందనుకున్నాను చూడు, అది నీ ఇంజనుకి వచ్చింది, నాకు కాదు."

నా పట్టికలో బండి మీద కూర్చునే మనిషికి గడి లేదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది. ఆ కాగితం తీసి డ్రాయరులో పెట్టేశాను.

క్రిస్మస్ అయిన మర్నాడు వదిన పీట్ సుకెరాఫ్ దగ్గరికి బయల్దేరింది. ఎల్సీని గుండెకు కట్టుకుని నేనూ వెళ్లాను. పీట్‌కి డెబ్బై దాటాయి. రంపపు మిల్లులో చేసి, మానేశాక గడ్డి కొట్టంలో పాత మంచు బండ్లు బాగుచేసి అమ్ముతున్నాడు. ఆయనకొక నియమం ఉంది. బండిని మంచులో పాతిపెడతాడు. కొనేవాళ్లు దాన్ని ఒక్కరే తవ్వి తీయాలి. తీయలేకపోతే ఎంతిచ్చినా అమ్మడు. సొంత అల్లుడికి కూడా అమ్మలేదు. ఆ అల్లుడు ఇప్పటికీ ఈస్టరుకి ముభావంగానే ఉంటాడు.

"ఏ బండి కావాలి?" అన్నాడు పీట్.

"అది తెలిస్తే నీ దగ్గరికెందుకు వస్తాను, బాబాయ్?"

"పొడుగుది కొనమని మీ తమ్ముడు చెప్పాడా?"

"ఊరంతా చెప్పింది."

"ఊరంతా వచ్చి తవ్వుతుందా?"

కొట్టంలో అమ్మకానికి రెండే ఉన్నాయి. ఒకటి డారిల్ బండిలాంటిదే. రెండోది ఆరువందల సీసీ ఇంజను, నూట యాభై నాలుగు అంగుళాల పట్టా, పెద్దదానికంటే పాతిక కిలోలు తక్కువ. పీట్ పెద్దదాన్ని కొట్టం వెనక ఎవరూ తొక్కని మంచులోకి తోలి, కదలకుండా నిలబెట్టి ఎక్సలేటరు నొక్కి పట్టాడు. పట్టా తన కింద తానే గొయ్యి తవ్వుకుని వెనక భాగం సీటు దాకా కూరుకుపోయింది. దిగి వచ్చి వదినకు పార ఇచ్చి, గుమ్మంలో స్టూలు మీద కూర్చుని చేతి గడియారం చూసుకున్నాడు.

వదిన పట్టా ముందున్న మంచు తవ్వింది. ఒక వైపు తవ్వి, హ్యాండిల్ పట్టుకుని బండిని పక్కకి ఒరగదీసి, గోతిలోకి మంచు నెట్టి బూట్లతో తొక్కింది. మళ్లీ నిలబెట్టింది. బండి ముందు మంచు మీద జారే పలకలు, స్కీలు రెండూ పల్లం వైపుకి లాగింది. మధ్యలో మూడుసార్లు మంచులో వెల్లకిలా పడుకుంది.

"పడుకుంటే ఆ టైము కూడా లెక్కే" అన్నాడు పీట్.

"నువ్వు కూర్చున్నది లెక్క కాదా?"

యాభై అయిదు నిమిషాలకు బండి బయటికొచ్చింది. పీట్ భార్య తెచ్చిచ్చిన, బంగాళదుంప కూరిన పిరోగు రొట్టెలు తిన్నాక, చిన్నదాన్ని కూడా అలాగే పాతాడు. అది ఇరవై రెండు నిమిషాల్లో బయటికొచ్చింది.

"రెండూ తీశావు. ఏదడిగినా అమ్ముతాను" అన్నాడు పీట్.

వదిన పారకు ఆనుకుని రెండింటినీ చూసింది. "పెద్దదాన్ని రోజుకు ఒక్కసారి తీయగలను. రెండోసారి అయితే నన్నే ఎవరైనా తవ్వి తీయాలి."

"చిన్నదాన్ని?"

"నాలుగుసార్లు. తప్పదంటే అయిదు."

"నేర్చుకునేవాళ్లు రోజుకు ఎన్నిసార్లు కూరుకుపోతారంటావు?"

"నాలుగో అయిదో" అంది వదిన.

నేను ఉండబట్టలేక అడిగాను. "దానికి బలం చాలకపోతే ఎలాగండీ?"

"చాలనిచోట ఆగిపోతుందమ్మా. కూరుకుపోయినా ఊళ్లోవాళ్లకి కనిపించే చోటే కూరుకుపోతుంది" అన్నాడు పీట్. చిన్నదాని హ్యాండిల్‌ని వదిన ఎత్తుకి తగ్గట్టు పైకి జరిపి, స్కీల మధ్య వెడల్పు ఒక అంగుళం తగ్గించి ఇచ్చాడు. అలా చేస్తే బండిని పక్కకి వంచడం తేలిక.

డారిల్ మాత్రం ఒప్పుకోలేదు. "పై లోయకి దాని మీద వెళ్తావా? రాస్ రెండు శాండ్‌విచ్‌లు తెచ్చుకోవాలి."

జనవరి మూడో శనివారం రేడియో దగ్గర నేను కూర్చున్నాను. ఎల్సీ పక్క సీట్లో రొట్టెముక్క చప్పరిస్తోంది. పదిన్నరకు డారిల్ గొంతు వినిపించింది. "అక్క కూరుకుపోయింది. మేం తింటున్నాం." పద్దెనిమిది నిమిషాలకు, "బయటపడింది." మళ్లీ పదకొండుంబావుకి. పన్నెండుకి మూడోసారి. "రాస్‌ది అయిపోయింది, ఇప్పుడు నాది తింటున్నాడు" అన్నాడు డారిల్. వెనక ఎవరో నవ్వారు. ఆ మూడుసార్లూ ఆమే తవ్వుకుని లేచింది.

పై లోయ ముందు ఒక వాలు ఉంది. కొండ ఎడమ చేతి వైపు ఉండేలా, బండిని ఒక అంచు మీద వంచి పట్టుకుని, వాలుకి అడ్డంగా దాటాలి. కింద వాగు. మిగతావాళ్లు ఒక్కొక్కరే దాటుతుంటే వదిన ఆగిపోయింది. ఆమె గొంతు రేడియోలో మామూలుగానే వినిపించింది.

"నేను ఇక్కడ ఆగుతున్నాను. కుడివైపయితే దాటగలను. ఎడమవైపు నాకు ఇంకా రాలేదు."

"ప్రయత్నించవా?" రాస్ అడిగాడు.

"లేదు."

నేను టైము రాసుకున్నాను, పన్నెండూ నలభై. "డారిల్, నువ్వు అక్కతో ఉండు. మేం వెళ్లొస్తాం" అన్నాడు రాస్.

మూడింటికి అందరూ దిగారు. రాస్ హెల్మెట్ తీసి వదిన దగ్గరికొచ్చాడు. "పై లోయ దాకా అన్నాను. రాలేదు."

"రాలేదు."

"కాబట్టి చోటు ఇవ్వలేను."

"సరే" అంది వదిన. బండి మీద మంచు దులుపుతూనే ఉంది.

డారిల్‌కి మండింది. "నా బండయితే ఒక్క ఊపులో దాటేసేది."

"దాటేసేదేమో. లేకపోతే ఈపాటికి మనమంతా వాగులో ఉండేవాళ్లం" అన్నాడు రాస్. మళ్లీ వదిన వైపు తిరిగాడు. "మార్చి చివరి దాకా చోటు ఖాళీగానే ఉంచుతాను. అదే వాలు. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను."

ఆ తర్వాత ఎనిమిది వారాలు, మధ్యాహ్నం బస్సు షెడ్డులో పెట్టగానే వదిన మా ఇంటి వెనక గుట్ట మీదికి పోయేది. ఎడమవైపే తిరిగేది. కుడి కాలు ఎడమవైపు పాదపీట మీదికి వేసి, హ్యాండిల్‌ని పల్లం వైపు తిప్పి, ఎక్సలేటరు కొంచెం కొంచెంగా నొక్కుతూ. చిన్న ఇంజను కాబట్టి తప్పుగా నొక్కితే బండి వెంటనే కిందికి జారేది, ఎక్కడ తప్పిందో తెలిసిపోయేది. మొదటి వారం గుట్టంతా గోతులే. నాలుగో వారానికి వాలుకి అడ్డంగా ఒక గీత పడింది, వంకరటింకరగా. ఎల్సీ కిటికీ దగ్గర నిలబడి గోతులు పడినప్పుడల్లా చప్పట్లు కొట్టేది. వదిన అది చూసి, "నీ కూతురు నా పక్షం కాదు, టీచరమ్మా" అనేది.

మార్చి రెండో ఆదివారం వదిన రాస్‌ని పిలిచింది. ఆ రోజూ నేనే రేడియో దగ్గర ఉన్నాను. దారిలో ఒక్కసారి కూరుకుపోయింది, పదకొండు నిమిషాలు. రాస్ పొట్లం విప్పనే లేదు. వాలు దగ్గర రాస్, డారిల్ ముందు దాటి అవతల ఆగారు. రేడియోలో చిన్న ఇంజను చప్పుడు ఒకటే లయలో వినిపించింది. ఒకచోట తగ్గింది. నా కలం ఆగింది. చప్పుడు మళ్లీ అందుకుంది, మెల్లగా దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"దాటాను" అంది వదిన. ఆయాసపడుతోంది.

"చూశాను. తొమ్మిదో చోటు నీది" అన్నాడు రాస్. "ఇక వెనక్కి వెళ్లాలి. వెళ్లేటప్పుడు కొండ కుడివైపుంటుంది."

"అది నాకు ముందే వచ్చు. నువ్వు పద" అంది వదిన.