పెద్దమ్మ అడిగి తీసుకున్న గడియారం

మా గోడవతల పెద్దమ్మ పోయిందని పోయిన వారం జహీరాబాద్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. రక్తసంబంధం లేదు, పక్కిల్లు, అంతే. చదువు వేలిముద్ర వరకే. అయినా పిల్లల పెంపకంలో ఆమెను మించిన మనిషి ఇంతవరకూ నాకు కనబడలేదు.

డెబ్బైల చివర్లో ఆమె ఇంట్లో నలుగురు ఎదిగే పిల్లలు. తొమ్మిదయ్యేసరికి నలుగురూ నిద్రపోయేవాళ్లు. కేక లేదు, కర్ర లేదు. అన్నాల దగ్గరే ఒక్కొక్కరినీ అడిగేది: "ఇయ్యాల ఎవరితోని కొట్లాడినవ్? ఏం భయమైంది?" అంతా చెప్పించుకుని, తీర్చాల్సిందేదో అక్కడే తీర్చి, రేడియో కట్టేసేది. ఆ తర్వాత ఇంకొక్క పాట అని బతిమాలినా వినేది కాదు. నేను గోడ మీద గడ్డం ఆనించి నోరు తెరుచుకుని చూసేదాన్ని.

మా ఇంట్లో వేరే లెక్క. బాపు న్యాల్‌కల్ బడిలో పదో తరగతి తప్పి, జహీరాబాద్‌లో చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర చీటీలు రాసేవాడు. నాకా గతి పట్టకూడదని అలారం గడియారాన్ని ఇత్తడి తాంబాళంలో పెట్టి నాలుగింటికి మోగించేవాడు. దానికి వాడకట్టంతా లేచేది, నేను తప్ప. అప్పుడు మొహం మీద చెంబెడు నీళ్లు. చివరికి పదో తరగతి లెక్కల పరీక్షలో బల్ల మీదే నిద్రపోయి తప్పాను. దాన్నుంచి బాపు నేర్చుకున్నదేమిటంటే, ముల్లు మూడింటికి తిప్పాలని. "ఈసారి తప్పితే చదువు బంద్" అన్నాడు. పుస్తకం తీస్తే కళ్లు మండేవి. పక్క మీద వాలితే, ఆ మోత ఎప్పుడొస్తుందోనని నిద్ర పట్టేది కాదు.

"భయపెట్టి లేపొచ్చు గని, భయపెట్టి పండవెట్టలేం" అని పెద్దమ్మ మా అమ్మతో అనేది. బాపుతో ఆ మాట ఎన్నడూ అనలేదు. తప్పుపడితే తండ్రి మొండికేస్తాడని ఆమెకు తెలుసు. పరీక్షలకు నెల ముందు ఒక సాయంత్రం వచ్చి, "తమ్మీ, మా ఇంటాయనకు పొద్దుగాల డ్యూటీ పడ్డది. నీ గడియారం జర ఇస్తవా?" అంది. ఇరుగుపొరుగు అడిగితే కాదనే అలవాటు బాపుకు లేదు. "తీస్కో అక్కా, నాకు గడియారమెందుకు, నేనే లేస్త" అని ఇచ్చేశాడు.

మర్నాడు మేము లేచేసరికి ఎండ వాకిట్లోకి వచ్చింది. రెండో రోజూ అంతే. మూడో రోజు బాపు గడియారం అడగడానికి గోడ దాకా వెళ్లాడు. నేను ఇవతల గిన్నెలు తోముతూ విన్నాను.

"జొన్నల గుమ్మిల దాచిన, తీస్కపో. మా ఆయనకు డ్యూటీ లేదు గీటీ లేదు" అంది పెద్దమ్మ నెమ్మదిగా. "గని తమ్మీ, ఈ రెండు దినాలు నువ్వెట్ల పండినవ్?"

బాపు గొంతు వినిపించింది. "బిడ్డ తప్పిన కాడికెల్లి గిప్పుడే పండిన అక్కా."

వట్టి చేతులతో తిరిగొచ్చాడు. మా ఇంట్లో నిద్ర లేనిది నాకొక్కదానికే అనుకున్నాను. ఆమె గోడవతల నుంచే ఇద్దరినీ చూసింది.

ఆ ఏడు పాసయ్యాను, తర్వాత పంతులమ్మనయ్యాను. వాడిన మొహంతో తరగతికొచ్చిన పిల్లను కోప్పడే ముందు, రాత్రి పడుకున్నావా అని అడగడం ఆమె పెట్టిన భిక్షే.

ఆ ఏటి లెక్కల పరీక్ష రోజు ఎవరూ లేపకుండానే మెలకువ వచ్చింది. బయట ఇంకా మసక. దీపం పెట్టుకుని కూర్చుంటే పక్క గదిలోంచి ఏదో చప్పుడు. లేచి వెళ్లి చూశాను. బాపు గురక. పదహారేళ్లలో, ఆయన కంటే ముందు లేచి అది వినడం నాకదే మొదటిసారి. తలుపు మెల్లగా దగ్గరికి వేసి, ఆ చప్పుడు వింటూనే లెక్కలు చేసుకున్నాను.