తీగ లేని గంట

దయ్యాల ముచ్చట ఎత్తినవాడి నోరు నేను నా బస్సులో మూయించేవాణ్ణి. చాలా ఏళ్లు కండక్టరుగా చేశాను. అందులో ఎక్కువ భాగం దిల్‌సుఖ్‌నగర్ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ వైపు పోయే బండ్ల మీదే. హయత్‌నగర్ దాటాక రోడ్డు పక్కన తెల్లచీర ఆవిడ చెయ్యెత్తితే ఆపొద్దని డ్రైవర్లు కొత్తవాళ్లకు చెప్పుకునేవారు. నేను తాడు లాగి గంట కొట్టి ఆపించేవాణ్ణి. ఎక్కేది ఎప్పుడూ కూరగాయల గంప పట్టుకున్న రైతు ఇల్లాలే.

నా బడి ఏడో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా ప్రయాణికులు సీట్లలో వదిలేసిపోయిన పేపర్లు, పుస్తకాలే. కారణం అడగకుండా దేన్నీ ఒప్పుకోకూడదన్నది వాటి వల్ల వచ్చిన అలవాటు. ఆదివారం ఇంట్లోవాళ్లతో చర్చికి పోతాను. కానీ దయ్యం పట్టిందని అక్కడ ఎవరైనా ఊగిపోతే లేచి బయటికొస్తాను. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, కింద రాసింది చదివి నన్ను వాళ్లలో కలపొద్దని.

నా కూతురి కూతురు కెజియా. ఎనిమిదో తరగతి. దానికి చిన్నపిల్లల్లో వచ్చే రకం షుగరు జబ్బు ఉంది. రోజూ ఇన్సులిన్ సూదులు తప్పవు. సూది కన్నా భయం షుగరు పడిపోవడం. పడిపోతే చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. చూసేవాళ్లకు నిద్రమత్తులా ఉంటుంది. వెంటనే నోట్లో తీపి పడాలి. ఆలస్యమైతే స్పృహ పోతుంది, ఇంకా ఆలస్యమైతే పిల్లే దక్కదు. ఇందులో అర్థం కానిదేమీ లేదు. బడివాళ్లకు మాత్రం అర్థం కాలేదు.

ఆ బడి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు వెనక సందులో నాలుగంతస్తుల మేడ. ఆడుకోవడానికి జాగా లేదు, కిటికీలకు ఇనుప జాలీలు. గేటు మీద మాత్రం పిల్లల ఆరోగ్యం, ఆనందం తమ బాధ్యత అని నిలువెత్తు ఫ్లెక్సీ. దాని మీద నవ్వుతున్న పిల్లలు ఈ దేశం పిల్లల్లా కూడా ఉండరు.

ఆ ఏడాది అడ్మిషన్ల కోసం రెండో అంతస్తులో ఒక గది తయారుచేశారు. వెల్‌నెస్ రూమ్ అని పేరు పెట్టారు. తెల్ల దుప్పటి పరిచిన మంచం, గోడకు గుండె బొమ్మ, తలుపు పక్కన ఎర్ర మీట. ఆ మీట నొక్కితే కింద ప్రిన్సిపాల్ గదిలో గంట మోగుతుందని కొత్త తల్లిదండ్రులకు తిప్పి చూపించేవారు. నర్సు ఏదమ్మా అని నేనడిగితే ప్రాసెస్‌లో ఉందన్నారు. మిగతా రోజుల్లో దుప్పటి మాసిపోతుందని ఆ గదికి బయట గడియ.

ఆ రోజు పొద్దున నేను బడికి పోయింది కొట్లాడడానికే. ముందురోజు బ్యాగుల తనిఖీలో కెజియా దగ్గరున్న గ్లూకోజు పొడి, చాక్లెట్లు లాగేసుకున్నారు. క్లాసులో తినుబండారాలు నిషేధమట. అంతకుముందే డాక్టరు మాటలు చెప్పి, చేతులు జోడించి మరీ అడిగి ఉన్నాను. జోడించినందుకు ఇప్పటికీ ఆ చేతుల మీద నాకు కోపం.

ప్రిన్సిపాల్ కోస్తా నుంచి వచ్చినావిడ. మాట మెత్తన, మనసు మాత్రం బల్ల చెక్క.

"అంకుల్, ఒక్క పాపకి పర్మిషన్ ఇస్తే క్లాసంతా చాక్లెట్లు తెచ్చుకుంటారండీ. మాకూ డిసిప్లిన్ ఉండాలి కదా."

"అది చాక్లెట్ కాదమ్మా, మందు. మందుకు గూడ డిసిప్లినేనా?"

"మీరు ఊరికే కంగారు పడుతున్నారు. పాప శుభ్రంగా టెస్ట్ రాసుకుంటోంది."

"అయితే జర ఒక్కసారి మొహం చూసి పోత."

"టెస్ట్ టైంలో కుదరదండీ. పెద్దవారు, మీరే అర్థం చేసుకోవాలి."

ఇక లాభం లేదని కుర్చీ వెనక్కి నెట్టి లేచాను. గుమ్మం వైపు తిరిగాను. అప్పుడు గంట మోగింది. ఒక్కసారి.

మా బస్సుల్లో ఒక్క గంట అంటే ఆపమని. రెండు గంటలంటే పోనిమ్మని. ఉద్యోగం వదిలి ఎన్నాళ్లయినా ఆ అలవాటు ఒంట్లోంచి పోలేదు. కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. తలెత్తి చూస్తే ఆవిడ కుర్చీ పైన గోడకు తెల్ల డబ్బా, దాని కింద వెల్‌నెస్ రూమ్ అన్న అక్షరాలు.

ఆవిడ కూడా తలెత్తి చూసింది. "అది మోగదండీ," అంది. "ఇంకా కనెక్షనే ఇవ్వలేదు. బయట ఏ ఐస్‌క్రీం బండో అయ్యుంటుంది."

ఆ మాట పూర్తికాకముందే మళ్లీ మోగింది. మళ్లీ ఒక్కసారే. ఈసారి ఇద్దరం డబ్బా వైపే చూస్తున్నాం.

నేను అనుమతి అడగలేదు. మెట్లెక్కి పోయాను. రెండో అంతస్తులో ఆయా యాదమ్మ నన్ను చూసి లేచి నిలబడింది. గది తలుపుకు బయట గడియ పెట్టి ఉంది.

"లోపల ఎవరున్నరమ్మా?"

"మీ పిల్లనే సారూ. బెంచి మీద తల పెట్టి పడుకున్నది. పరీక్షకు భయపడి యాక్షన్ చేస్తుందని ఫ్లోర్ మేడం ఈడ పండవెట్టుమన్నది. కొత్త పేరెంట్స్ తిరుగుతున్నరు, బయటికి రాకుంట గడియ పెట్టుమన్నది."

తెరిచాను. కెజియా మంచం మీద గోడ వైపు తిరిగి పడి ఉంది. యూనిఫాం చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. పిలిస్తే పలకలేదు. పళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. నా జేబులో గ్లూకోజు పొట్లం ఎప్పుడూ ఉంటుంది. పిల్లను పక్కకు ఒరిగించి, కాస్త కాస్తగా బుగ్గ లోపల చిగుళ్లకు రుద్దాను. యాదమ్మ కాళ్లు పట్టుకుంటే, ఇద్దరం కిందికి మోసుకొచ్చాం.

ఇక్కడ జరిగిన సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ప్రిన్సిపాల్ గది ముందు నుంచి పోతుంటే గంట మళ్లీ మోగింది. వెంటవెంటనే రెండుసార్లు. తలుపు తెరిచే ఉంది. ఆవిడ గది మధ్యలో, డబ్బాకు దూరంగా నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. యాదమ్మ నా మొహం చూసింది. నేను ఆగలేదు. ఆ గంటకు ఆగకూడదు.

ఎల్‌బీ నగర్ వైపు పోయే ఆటో ఎక్కి దవాఖానలో చేర్చాం. గ్లూకోజు ఎక్కించాక పిల్ల కళ్లు తెరిచింది. ఇంకాసేపు అలాగే ఉంటే అని మొదలుపెట్టిన డాక్టరు, అప్పుడే పరుగెత్తుకొచ్చిన నా కూతుర్ని చూసి చీటీ రాయడంలో పడ్డాడు.

సాయంత్రం కెజియాను అడిగాను. "మీట నువ్వే నొక్కినవా బిడ్డా?"

"లేదు తాతా. చెయ్యే లేవలే. యాదమ్మ పండవెట్టింది వరకే యాదికున్నది."

మర్నాడు బ్యాగు కోసం పోయి యాదమ్మతో ఆ గది తెరిపించాను. మీట మంచానికి అందనంత దూరంలో ఉంది. పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది. వెనక జిగురు పట్టీ, దాని వెనక నున్నటి సున్నం గోడ. గోడకు రంధ్రం కూడా లేదు. కిందికొచ్చాను. ప్రిన్సిపాల్ లేదు. కుర్చీ ఎక్కి డబ్బా దించాను. మేకుకు తగిలించి ఉంది, అంతే. బ్యాటరీ రకం కాదు. తీగలు బిగించే మరలు రెండూ కొత్తవి, స్క్రూడ్రైవరు తగిలిన గీత కూడా లేదు. మళ్లీ అక్కడే తగిలించి వచ్చాను.

ఆ శనివారం తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. కరస్పాండెంటు ఇక్కడి పాత భూస్వాముల కుటుంబం మనిషి, ఇప్పుడు ప్లాట్లు, బడులు. ఆయన మైకు పట్టుకుని, తమ ఎమర్జెన్సీ గంట ఒక పాప ప్రాణం కాపాడిందని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నేను లేచాను.

"ఆ గంటకు తీగ లేదు. నేను దించి చూసిన. నర్సు లేదు. పిల్లను లోపలేసి గడియ పెట్టిండ్రు."

"గడియ సంగతి విచారిస్తం పెద్దాయనా," అన్నాడాయన. "ముందు ఒకటి చెప్పు. గంట మోగిందా, లేదా?"

"మోగింది."

"నీ చెవులతోనే విన్నవు?"

"విన్న."

"మరి తీగ లేకుంట ఎట్ల మోగింది?"

హాలంతా నవ్వింది. వెనక వరసలోంచి ఎవడో, "తాతకు గూడ షుగర్ డౌనైనట్టుంది, చాక్లెట్ ఇయ్యుండ్రి," అన్నాడు. మళ్లీ నవ్వులు. ప్రిన్సిపాల్ వైపు చూశాను. కనెక్షన్ లేదని నా ముందు తన నోటితో అన్న మనిషి, ఆ రోజు కళ్లెత్తలేదు. యాదమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమెను నేను సాక్ష్యానికి పిలవలేదు. ఆ నౌకరీ మీద ఆమె ఇల్లు నడుస్తుంది.

గంట మోగలేదని ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఆ రోజు నేను గెలిచేవాణ్ణి. అప్పుడు పరేషాన్ కావాల్సింది వాళ్లు. ఆ అబద్ధం నా నోటికి రాలేదు. నా పిల్లను ఆపద నుంచి ఎవరు తప్పించారో తెలియనప్పుడు, ఎవరూ లేరని నిండు సభలో అనలేకపోయాను.

మీటింగు కాగానే అందరికీ గంట చూపించారు. అప్పటికే తీగలు బిగించి ఉన్నాయి. మీట నొక్కితే చక్కగా మోగింది. జనం నా వైపు జాలిగా చూసి టీలకు పోయారు.

ఇళ్ల మీద, స్థలాల మీద కథలు అల్లేవాళ్లు నన్ను అడుగుతుంటారు, ఆ బడిలో ఎవరైనా పోయారా అని. ఎవరూ పోలేదు. మేడ లేవకముందు అక్కడ పశువుల దాణా గోదాం ఉండేది, నేను చూసిందే. కారణం వెతికి వెతికి అలిసిపోయాను. కరెంటు పని తెలిసినవాళ్లను అడిగాను. మోగడానికి వీల్లేదన్నారు. వీల్లేదని నాకూ తెలుసు.

ఏడాది మధ్యలో వేరే బడి దొరక్క కెజియా అక్కడే చదువుతోంది. గ్లూకోజు పొట్లం పట్టేలా పిల్ల యూనిఫాం లోపల వాళ్లమ్మ జేబు కుట్టింది. నేను పొద్దున దింపి ఇంటికి పోను. గేటు ఎదురుగా టీ కొట్టులో కూర్చుంటాను.

తీగలు వేశాక కొన్నాళ్లు గంట బాగానే మోగింది. జ్వరమొచ్చిన పిల్లలు, కడుపునొప్పి పిల్లలు, పరీక్షంటే వణికే పిల్లలు నొక్కుతూనే ఉన్నారు. తర్వాత వినిపించడం మానేసింది. ఏమైందని పోయి చూశాను. ప్రిన్సిపాల్ గదిలో గంట స్విచ్ ఆపి, దాని మీద టేపు అతికించారు.

"పిల్లలు ఊరికే నొక్కుతున్నారండీ," అంది ప్రిన్సిపాల్. "ఆఫీసు పని సాగట్లేదు."

డబ్బా గోడకు అలాగే ఉంది. ఇప్పుడు దానికి తీగ ఉంది, మోగదు. తీగ లేని రోజు ఎందుకు మోగిందో ఇవాళ్టికీ నేను చెప్పలేను. టీ కొట్టులో కూర్చుని చెవి మాత్రం అటే పెట్టి ఉంచుతాను.