మా అమ్మ ఉత్తరంలో పదకొండు తప్పులు

వికారాబాద్‌లో నేను తెలుగు బోధించే ప్రభుత్వ పాఠశాలకు కిందటి వేసవి చివర ఒక డిజిటల్ బోర్డు వచ్చింది. అట్టపెట్టె విప్పగానే కొత్త ప్లాస్టిక్, థర్మకోల్, ఏ గోదాములోనో నెలల తరబడి నిలవ ఉన్న గాలి, అన్నీ కలిసిన ఒక వాసన తరగతి గదంతా పరుచుకుంది. దానికి చోటు చేయడానికి గోడకున్న నల్లబల్లను ఊడదీసి వరండాలో ఒక మూలకు ఆనించారు. పిల్లలు ఒకరి వెనుక ఒకరు వచ్చి, సుద్దముక్క లేకుండా, ఉత్త చూపుడువేలితో ఆ అద్దం మీద తమ పేర్లు రాసుకొని, అరచేతితో తుడిచి, మళ్ళీ రాసుకున్నారు. వాళ్ళ వేళ్ళ వైపే చూస్తూ నిలబడిన నాకు, వేలితోనే అక్షరాలు దిద్దుకున్న మరొక మనిషి గుర్తుకు వచ్చింది. ఆమె మా అమ్మ మల్లమ్మ. అయితే ఆమె దిద్దింది అద్దం మీద కాదు, తాండూరు బండ మీద.

మాది గొర్రెల కాపరుల కుటుంబం. నాన్న మందతో బొంరాస్‌పేట వైపు మా ఊళ్ళోనే ఉండిపోగా, నన్ను మంచి బడిలో వేయాలన్న పట్టుదలతో అమ్మ తాండూరు వచ్చి, బండలకు నునుపు పెట్టే ఒక పాలిష్ ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. ఫ్యాక్టరీ వెనుక సందులో మాకొక ఒంటిగది ఇల్లు. పొద్దున్నే యంత్రాలు మొదలైతే, రాయిని కోసే రంపం మీద ధారగా పడే నీళ్ళు, ఆ నీళ్ళలో కలిసి బూడిదరంగు పాలలా కాలువ కట్టి పారే రాతిపిండి, ఆ పిండి ఎండి గాలికి లేచి మా గిన్నెల మీదా జడల మీదా ఆరవేసిన బట్టల మీదా పేరుకునే సన్నని పొర, వీటన్నిటి నడుమ తడిసిన రాయి వాసన పీలుస్తూనే నేను ఎక్కాలు నేర్చుకున్నాను. తొక్కుడుబిళ్ళ ఆటకు మా సందులో పిల్లలు పెంకులు వెతుక్కునే పని ఉండేది కాదు. ఒకవైపు గరుకుగా, ఒకవైపు అద్దంలా ఉండే నీలి రాతి ముక్కలు కావలసినన్ని దొరికేవి. చలి మొదలయ్యే రోజుల్లో పచ్చి కందికాయలను ఉప్పు వేసి ఉడకబెట్టి, కుండ చుట్టూ కూర్చొని ఒలుచుకు తినేవాళ్ళం. ఆ తరువాత పప్పు మిల్లులు నడిచే కాలమంతా పొట్టు వాసన ఊరిని వదిలేది కాదు. బతుకమ్మకు తంగేడు పూలు, గునుగు పూలు మోసుకొచ్చిన చేతులతోనే పీర్ల పండుగనాడు రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు అందుకొనేవాళ్ళం. పక్కింటి నాగమ్మ కర్ణాటకలోని సేడం వైపు నుంచి వచ్చిన మనిషి. కన్నడం, తెలుగు కలిపి తిట్టేది, కలిపే ముద్దు చేసేది.

అమ్మకు చదువు లేదు. మా ఇంట్లో అక్షరం వచ్చిన మొదటి మనిషిని నేనే. అందుచేత ఐదో తరగతికి వచ్చేసరికి, అమ్మ పుట్టింటి ఊళ్ళో ఉంటున్న మా అమ్మమ్మ సాయవ్వకు ఉత్తరం రాసే బాధ్యత నా మీద పడింది. అమ్మ రొట్టెలు కొడుతూ తన మాటలు చెప్పేది: గొర్రెపిల్ల పుట్టిందా అనీ, మోకాలి నొప్పి తగ్గిందా అనీ, నువ్వు కలలో కనిపించినవనీ. నేను వాటిని ఒక్కటీ రాసేదాన్ని కాదు. బడి బీరువాలో దొరికిన ఒక పాత పుస్తకంలో ఉత్తరాలు రాసే పద్ధతి అంతా ఉండేది. భర్త లేని పెద్దలకు రాసేటప్పుడు ఎలా సంబోధించాలో కూడా అందులోనే చూశాను. గుండ్రని అక్షరాలతో ఇలా రాశాను: ‘గంగాభాగీరథీ సమానురాలైన అమ్మగారి పాదపద్మములకు మీ కుమార్తె నమస్కరించి వ్రాయు విశేషములు. ఇచట మేమందరము క్షేమము. అచట మీ క్షేమ సమాచారములకు ఎదురు చూచుచున్నాము.’ చదివి వినిపిస్తే అమ్మ రొట్టె తిప్పడం మరచిపోయి నా వైపు చూసింది. “గింత గొప్పగ చెప్పిన్నా నేను?” అన్నది. ఆ మాటను నేను మెప్పుగానే తీసుకున్నాను.

రెండు వారాలకు ఆ ఉత్తరం తిరిగి వచ్చింది. పైన పెన్సిలుతో ‘పుచ్చుకొనలేదు’ అని రాసి ఉంది. ఏమి జరిగిందో దసరాకు ఆ ఊరికి వెళ్ళినప్పుడు తెలిసింది. అక్కడ ఉత్తరాలు తెచ్చేదీ, చదివి వినిపించేదీ పోస్టుమనిషే. అతడు మొదటి వాక్యం చదవగానే అమ్మమ్మ చెయ్యి అడ్డం పెట్టిందట.

“గిది మాది కాదు సారూ. గంగ, భాగీరథి అనేటోళ్లు మా కులంల ఎవ్వలు లేరు.”

“నీ పేరే ఉన్నదవ్వా మీద. నీ బిడ్డ మల్లమ్మ రాసింది.”

“మా మల్లి మాట నాకెర్క లేదా? మా మల్లి గిట్ల మాట్లాడది. ఎవలో పంతులమ్మ రాసుకున్నది. పాపం, ఆమె అవ్వ ఎదురుచూస్తుండొచ్చు, జల్ది తీస్కపో.”

ఈ కథ చెప్పి మా మేనమామ పొట్ట పట్టుకొని నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. కానీ తిరుగు బస్సు కోడంగల్ దాటాక, ఉన్నట్టుండి, “నా మాట నేనే రాస్త బిడ్డా, మా అవ్వ గుర్తువట్టెటట్టు” అన్నది. బయలుదేరే ముందు అమ్మమ్మకు కూడా ఆ మాటే ఇచ్చి వచ్చిందని నాకు తరువాత తెలిసింది.

ఆ రోజుల్లో మా సందు చివర రేకుల షెడ్డులో పెద్దల కోసం ఒక చదువుల కేంద్రం నడిచేది. సుగుణ అనే ఇంటర్ చదివిన అమ్మాయి, పని ముగించుకొని వచ్చిన ఆడవాళ్ళకు సాయంత్రం ఒక గంట అక్షరాలు చెప్పేది. అమ్మ అందులో చేరినట్టు తెలిసి ఫ్యాక్టరీ మేస్త్రి ఊరుకోలేదు.

“ఏం మల్లమ్మా, బండలు మోసుడు బంజేసి ఆఫీసర్ అయితవా?”

“అయితే మొదలు నీ పేరే రాస్త మేస్త్రీ. నువ్వు వేలుముద్రోడివి గద, నీకు జర ఆసరైతది.”

పనిలో ఉన్నంతసేపూ అమ్మ చేతులు తడిగానే ఉండేవి. పాలిష్ అయి ఎండలో ఆరుతున్న బండ ముందు కూర్చొని, తడివేలితో ‘అ’ రాసేది. రాసిన అక్షరం రాతి మీద నల్లగా తేలి, ‘ఆ’ రాసేలోగా అంచుల నుంచి ఆరిపోతూ మాయమయ్యేది. అందువల్ల ఆమెకు వేగంగా రాయడం అలవాటైంది. పలక లేదు, బలపం లేదు, చెరిపే పనీ లేదు. దాదాపు ఏడాది గడిచేసరికి ఆమె బస్సుల బోర్డులూ, పప్పు మిల్లుల గోడలూ కూడబలుక్కొని చదవసాగింది. నాకు సంతోషంగా ఉండేదని రాయాలని ఉంది. నిజానికి, ఇంట్లో అక్షరం వచ్చిన ఒకే ఒక్క మనిషిగా నాకున్న పెద్దరికం తగ్గిపోతున్నదని లోలోపల గుబులుగా ఉండేది.

మరుసటి కందుల కాలంలో అమ్మమ్మ మంచం పట్టిందని కబురు వచ్చింది. పని ఎక్కువగా ఉండి అమ్మకు వెంటనే సెలవు దొరకలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె నా నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపుకొని, గడప దగ్గర బోర్లా పడుకొని, నాలుక పంటి కింద పెట్టుకొని నాలుగు వాక్యాలు రాసింది. ఆ పనికి దాదాపు ఒక పూట పట్టింది. తరువాత కాగితాన్ని రెండు చేతులతో నాకు అందించి, “జర చూడు బిడ్డా, రేపు పోస్టు డబ్బల వేస్త” అన్నది.

క్లాసు లీడరునైనందుకు మా టీచరు నాకిచ్చిన పెన్సిలు ఒకటుండేది, ఒక కొస నీలం, ఒక కొస ఎరుపు. ఎరుపు కొస చెక్కుకొని కూర్చున్నాను. వాకిట్లో కందికాయలు ఒలుస్తున్న నాగమ్మా, మరో ఇద్దరూ వినేటట్టు, మా టీచరు గొంతును అనుకరిస్తూ గట్టిగా చదివాను.

“‘అవ్వా నేను మల్లిని రాస్తున్న.’ రాస్తున్న కాదు, వ్రాస్తున్నాను. ‘మేము మంచిగున్నం.’ తప్పు, క్షేమముగా ఉన్నాము. ‘నీకు పానం మంచిగ లేదంటె నాకు బువ్వ పోతలేదు.’ పానం అంట! ప్రాణం. బువ్వ పోతలేదు అని ఎవరన్నా రాస్తారా?”

“అయ్యయ్యో, మేష్ట్రమ్మ బందళు!” అంటూ నాగమ్మ, పంతులమ్మ వచ్చిందని కన్నడంలో చెప్పి, దండం పెట్టింది. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో నాకు మరింత ఊపు వచ్చింది. నాలుగో వాక్యం కూడా దిద్ది, అడుగున గీత గీసి, పదికి మూడు మార్కులు వేసి, సంతకం చేసి ఇచ్చాను.

అమ్మ కూడా నవ్వుతూనే కాగితం అందుకుంది. “గన్ని తప్పులున్నయా?”

“పదకొండు.”

“మరి దాంట్ల నేనేం రాసిన్నో సమజైందా నీకు?”

“సమజయ్యుడు కాదమ్మా, కరెక్టుగ ఉండాలె.”

ఆమె ఒక్కొక్క ఎర్ర గీత మీదుగా వేలు నడిపింది. “గట్లయితే నువ్వే రాయి బిడ్డా. పాణం బాగలేని మనిషికి తప్పుల కాయితం ఎందుకు” అన్నది. సాయంత్రం రొట్టెలకు పొయ్యి రాజేసేటప్పుడు ఆ కాగితాన్నే చుట్టి నిప్పు అంటించింది. నేను మళ్ళీ ‘ఇచట మేమందరము క్షేమము’ అని రాశాను. ఈసారి గంగాభాగీరథులను మాత్రం వదిలేశాను.

అమ్మకు సెలవు దొరికేలోగా అమ్మమ్మ పోయింది. దినాలనాడు మేనమామ చెప్పాడు. ఉత్తరం వచ్చిందనగానే అమ్మమ్మ లేచి గోడకు ఆనుకొని కూర్చున్నదట. మల్లి తన చేత్తో రాస్తానన్న ఉత్తరమే అనుకున్నది కాబోలు. పోస్టుమనిషి చదవడం మొదలుపెట్టాక, కొంచెంసేపు విని, “గిది గూడ గా గంగ రాసిందేనా?” అని అడిగి, గొంగడి మీదికి లాక్కొని పడుకున్నదట. ఈసారి మేనమామ నవ్వలేదు. అమ్మ సంచి అందుకొని, “నడువ్ బిడ్డా, బస్సు పోతది” అన్నది, అంతే. ఆ తరువాత ఆమె సుగుణ దగ్గరికి వెళ్ళడం మానేసింది. సంతకం అవసరమైన చోట పేరు రాసేది. అంతకు మించి ఒక్క మాట కూడా ఆమె కాగితం మీద పెట్టగా నేను చూడలేదు. నా డిగ్రీ పూర్తయిననాడు పట్టాను ఒళ్ళో పెట్టుకొని, వేలు కదిలిస్తూ ఒక్కొక్క అక్షరమే చదివి, “దీంట్ల తప్పులు లేవు గద” అని అడిగింది. ఎగతాళికి కాదు. ఆమెకు నిజంగానే అనుమానం.

అమ్మ పోయి తొమ్మిదేళ్ళు. ఇప్పుడు మా పాఠశాలలో, పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక, డిజిటల్ బోర్డు ఉన్న ఆ గదిలోనే పెద్దల తరగతి జరుగుతుంది. దాని బాధ్యత నేను అడిగి తీసుకున్నాను. నేర్చుకోవడానికి వయసు అడ్డు కాదని, జీవితాంతం చదువు సాగాలని మాకు శిక్షణలో చెప్పారు. ఆ మాటను నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఒక్కొక్కరికీ ఒక ట్యాబ్ ఇచ్చారు. ఆడవాళ్ళు దాన్ని పలక అనే పిలుస్తారు. వేలితో రాస్తే అది అచ్చు అక్షరాలుగా మార్చుతుంది, తప్పుంటే కింద ఎర్రగీత గీస్తుంది, ఒప్పు రాసేదాకా తరువాతి పాఠానికి పోనివ్వదు. మోమిన్‌పేట్ నుంచి ఆటోలో వచ్చే అంజిలమ్మ ఆ మధ్య దానిమీద ‘నేను మంచిగున్న’ అని రాసింది.

“ఎర్రగైంది టీచరమ్మా. ఏం తప్పు రాసిన?”

“తప్పేం లేదమ్మా. నువ్వు రాసింది బాగుంది.”

“మరి గిదెందుకు ఊకుంటలేదు?”

నేను ఆ గీత మీద నొక్కి చూశాను, అది పోలేదు. ఆమె నా మొహం వైపొకసారి, ట్యాబ్ వైపొకసారి చూసి, నవ్వి, కొంగులోంచి తన ఫోను తీసి పట్నంలో ఉన్న కూతురికి గొంతు రికార్డు చేసి పంపింది: “బిడ్డా, గీ పలకకు నా మాట ఎక్కుతలేదు. నువ్వైతే ఇను. నేను మంచిగున్న.” నిమిషంలోపే అవతలి నుంచి కూతురి నవ్వు వినిపించింది. అంజిలమ్మ ఆ వారం తరువాత తరగతికి రావడం తగ్గించింది, ఆమెను తప్పుపట్టలేను. ఇంట్లో పలికే మాటలను కూడా ఆ ట్యాబ్ ఒప్పుగా తీసుకునేటట్టు చేయాలని పైవారికి రెండుసార్లు రాశాను. పరిశీలిస్తామన్నారు.

ఎర్రసిరా కలం నేను వాడడం మానేసి చాలా కాలమైంది. అయినా అమ్మ ఉత్తరంలోని ఆ పదకొండు తప్పులూ నాకు ఇవాళ్టికీ వరుసగా గుర్తున్నాయి. మొదటి మూడు వాక్యాలలో తొమ్మిది. నాలుగో వాక్యంలో రెండు: మొదటి మాటను ఆమె ‘సిన్నప్పుడు’ అని రాస్తే, ‘స’ కొట్టేసి ‘చ’ చేశాను, చివరి మాటలో ‘ల’ కింద వత్తు మరచిపోతే పెట్టాను. ఆ రెండు మాటల మధ్య ఏడో ఎనిమిదో మాటలుండేవి. చిన్నప్పుడు తన తల్లి చేసినదేదో, తనకు మాత్రమే గుర్తున్నదేదో, అందులో ఉండి ఉండాలి. ఎంత వెతుక్కున్నా ఒక్కటీ గుర్తుకు రాదు. వాటిలో తప్పులు లేవు. అందుకని నేను వాటిని చదవలేదు.