తడివేలు తిప్పిన పేజీ

మెడలో ఐడీ కార్డు పడితే చాలు, లోకమంతా మనల్నే చూస్తోందనుకునే వయసు అది. ఈ-పుస్తకాలూ, వాటిని చదువుకునే పలకల్లాంటి రీడర్లూ అమ్మే కంపెనీలో కొత్తగా చేరాను. వికారాబాద్‌లో మా గల్లీ అంతటికీ "మా బిడ్డకు కంపెనీల జాబొచ్చింది" అని అమ్మ చాటింపు వేసేసింది. నేనేమో చేరిన నాటినుంచీ ఒక్క రీడరూ అమ్మలేదు. "ఇయ్యాల గూడ ఉత్తచేతులతోని వస్తే, రేపటి సంది రాకు తల్లీ" అన్నారు మా మేనేజర్ సారు. (ఆ 'తల్లీ' అన్నందుకే నాకు ఎక్కువ భయమేసింది.) ఉద్యోగం ఊడిందని గల్లీలో చెప్పుకునే ధైర్యం లేక తాండూరు రైలెక్కాను.

తాండూరులో నా స్నేహితురాలి ఖాలా, అంటే వాళ్ల పిన్ని, ఉంటుంది. డిటెక్టివ్ నవల దొరికితే అన్నం కూడా మర్చిపోయే మనిషి. నాపరాళ్ల అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. నేను రీడర్‌లో ఓ డిటెక్టివ్ నవల తెరిచి చేతిలో పెట్టాను. "జర ఆగు బేటీ" అని కళ్లద్దాలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. బంగళా, హత్య, అందరి మీదా అనుమానం! ఆమె కళ్లు పెద్దవవుతున్నకొద్దీ నా ఉద్యోగం గట్టెక్కినట్టే అనిపించింది. అంతలో పేజీ అయిపోయింది. ఖాలా అలవాటుగా వేలు నాలుకకు అద్దుకుని తెర మీద గట్టిగా రుద్దింది.

ఆ తడికి రీడర్‌కు పూనకం వచ్చింది. పేజీలు వాటంతటవే గబగబా పరిగెత్తి, పోయి పోయి ఆఖరి పేజీలో ఆగాయి. "వద్దు ఖాలా, చదవకు!" అని నేను చెయ్యి అడ్డం పెట్టేలోపే పైకి చదివేసింది. హంతకుడు వంటవాడట!

"యా అల్లా! ఇన్నేండ్ల సంది చదువుతున్న, ఏ పుస్తకం గూడ గిట్ల ముందుగాల్నే నోరు జారలే!" అని అరుగు అదిరిపోయేలా అరిచింది. నేను చున్నీతో తెర తుడుస్తూ, మనసులో ఉద్యోగానికి ఓ దండం పెట్టేశాను. "తప్పయింది ఖాలా, పోయొస్త" అని రీడర్ అందుకోబోతే ఆమె వదల్లేదు. నేనిటు లాగితే ఆమె అటు లాగింది.

"యాడికి పట్కపోతవ్? వంటాయన చంపుడేంది? పాపం, యజమానికి పాయసం ఎంత పావురంగ, ప్రేమతోని పెట్టిండు! నేను నమ్మ. ఎట్ల చంపిండో తెలిసేదాక గిది నా తాననే ఉంటది."

"మరి... కొనాలె ఖాలా" అన్నాను ఏడుపు గొంతుతో.

"కొననని ఎవలన్నరు? మొదటి పేజీకి తెచ్చియ్యి, జల్ది!"

తిరుగు రైల్లో నాలో నేనే పకపకా నవ్వుతుంటే, ఎదుటి సీటు పెద్దాయన తన సంచి ఒళ్లోకి లాక్కున్నాడు.

ఇప్పుడు నాకూ కళ్లద్దాలొచ్చాయి. మొన్న రీడర్‌లో పేజీ తిప్పబోతూ, ఏ ధ్యాసలో ఉన్నానో, వేలు నాలుకకు అద్దుకున్నాను. "ఛీ అమ్మా!" అంది మా పాప. నవ్వొచ్చింది, ఖాలా మీద బెంగా వచ్చింది. నా మొదటి ఉద్యోగం నిలబడింది ఆ ఉమ్మితడి మీదేనని దానికెలా చెప్పేది?